వచ్చెడివారికొక వాకిలి

గూడూరునకును నెల్లూరునకును నడుమ, జాతీయ రహదారిని ఆనుకొని, చెన్నై–విజయవాడ రైలుమార్గముమీద నున్న ఊరు మనుబోలు. ఒకనాటి ఉదయము మేమచ్చట బస్సు దిగి, ఒక సేవాసంఘమువారి కార్యాలయమునకు పోవునప్పటికి, తాళము వేసిన తలుపు ముందర అరుగుమీద డెబ్బది యేండ్ల అవ్వ యొకతె కూర్చుండి యుండెను. ప్రక్కన చేతిసంచి, సంచిలో అన్నపు గిన్నె, మడిచిన చీర. కంటిపొరకు వైద్యశిబిరము జరుగునని సంఘమువారి వెబ్‌సైటులో మనుమడు చూచి చెప్పినాడట. తెల్లవారకముందే లేచి, రెండు బస్సులు మారి వచ్చినది. కొంతసేపటికి వచ్చిన గుమాస్తా, శిబిరము జరిగిన మాట నిజమే కాని, అది క్రిందటి సంవత్సరము జరిగినదని చెప్పెను. వెబ్‌సైటులో తేదీయు నెలయు ఉన్నవి, సంవత్సరము లేదు. “ఏంది నాయనా, ఇయ్యాళ కాదా?” అని ఆమె రెండుమారులు అడిగి, గిన్నె మరల సంచిలో పెట్టుకొని బస్సు నిలుచు చోటికి నడచినది.

ఆ సంఘమువారు మమ్ము పిలిచిన పని వేరు. తమ వెబ్‌సైటు పాతపడినది, దానిని క్రొత్తగా తీర్చుటకు నాలుగు మాటలు సలహా చెప్పవలెనని కోరిరి. రేడియోలో పనిచేయువారము, కనిపించని మనిషితో మాటలాడుట మా వృత్తి. వెబ్‌సైటు కూడ అట్టిదే కనుక మాకేమైన తెలియునేమోనని వారనుకొనిరి. క్రొత్త రంగులు, క్రొత్త బొమ్మలు, కదలెడి అక్షరములు కావలెనా యని చర్చించుటకు వెళ్లిన మాకు, అరుగుమీది అవ్వను చూచిన తరువాత ఆ చర్చపై మనసు నిలువలేదు.

ఆ వెబ్‌సైటును సెల్‌ఫోనులో తెరచి చూచితిమి. మొదట వ్యవస్థాపకుల చిత్రము. అది తొలగి ప్రారంభోత్సవపు చిత్రము. అది తొలగి శాలువ కప్పుచున్న చిత్రము. వాని క్రింద ‘మా దృక్పథము’, ‘మా లక్ష్యములు’, ‘మా కార్యవర్గము’ అను పుటలు. ఆపైన ఆరు సంవత్సరముల వార్షిక నివేదికలు, కాగితమును ఫోటో తీసి ఎక్కించినవి. శిబిరము ఎప్పుడు, ఎచ్చట, ఏ కాగితములు తేవలెను, రుసుము కలదా, ఆడవారికి తోడు రావలెనా, ఏ నంబరునకు ఫోను చేసిన పలుకుదురు – ఈ ప్రశ్నలలో ఒక్కదానికిని సూటియైన సమాధానము లేదు. ఉన్న ఫోను నంబరు తుదిపుటలో, లేతబూడిదరంగు నేలమీద తెల్లని అక్షరములలో ఉన్నది. దానికి ఫోను చేయగా, ఆ నంబరు వాడుకలో లేదని యంత్రము పలికినది.

ఇందులో ఎవరి దురుద్దేశమును లేదు. ఆ సంఘమువారు మంచి పని చేయుచున్నారు. కంటి శస్త్రచికిత్సలు చేయించుచున్నారు, పిల్లలకు పుస్తకము లిచ్చుచున్నారు. అయినను వెబ్‌సైటు అట్లు తయారగుటకు కారణము కలదు. దానిని ఏర్పరచిననాడు బల్ల చుట్టును కూర్చున్నవారు కార్యవర్గ సభ్యులు. తమ సంఘము తమకెట్లు కనబడునో అట్లే వారు దానిని పుటలుగా విభజించిరి. అధ్యక్షులకొక పుట, కార్యదర్శికొక పుట, ఒక్కొక్క శాఖకొక పుట. ఆ బల్ల దగ్గర అవ్వ లేదు, ఆమె మనుమడు లేడు. వంటయింటిని కట్టునప్పుడు వండునామెను అడుగక, మేస్త్రీయు ఇంటి యజమానియు కూర్చుండి పొయ్యిస్థలము నిర్ణయించినట్లున్నది ఈ పని. ఇల్లు చూడ ముచ్చటగానే ఉండును. పొగ మాత్రము వండునామె కంటిలోనికి పోవును.

వెబ్‌సైటు క్రొత్తదే కాని, ఈ చిక్కు క్రొత్తది కాదు. దీనికి మనవారు చెప్పిన విరుగుడును క్రొత్తది కాదు. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా నుండిన ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో గ్రంథాలయశాస్త్రమునకు అయిదు సూత్రములను ప్రకటించెను. పుస్తకములు ఉపయోగించుటకే యని మొదటి సూత్రము. పాఠకుని కాలమును కాపాడవలెనని నాలుగవ సూత్రము. నాడు పుస్తకములను బీరువాలలో పెట్టి తాళము వేయుటయే భద్రత అనుకొనెడి రోజులు. అట్టి రోజులలో పుస్తకమును పాఠకునివైపునుండి చూడుమని ఆయన చెప్పెను. అదేకాలమున ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమము ఊరూర నడచుచుండెను. కృష్ణాడెల్టా పల్లెలలో జనము గ్రంథాలయమునకు రాలేకున్న, గ్రంథాలయమే జనము దగ్గరకు పోవలెనని 1935లో పాతూరి నాగభూషణముగారు పుస్తకములను పడవకెక్కించి కాలువ వెంట పంపిరి. ఆ పల్లెలకు కాలువయే దారి. కనుకనే పుస్తకము కాలువ వెంట పోయినది. నేడు మన పల్లెవారికి దారి సెల్‌ఫోను. కనుక సంఘము చెప్పవలసిన మాట అరచేతి వెడల్పు గల ఆ తెరమీదకు ఇముడునట్లు పోవలెను.

మా రేడియోలోను ఇట్టి పాఠమొకటి కలదు. 1956లో ఆలిండియా రేడియోవారు యునెస్కో సాయముతో పూనా ప్రాంతమున నూటయేబది గ్రామములలో ఒక ప్రయోగము చేసిరి. ప్రతి గ్రామమున సుమారు ఇరువదిమంది ఒకచోట చేరి రేడియో వినుట, విన్నదానిని చర్చించుట, తమ సందేహములను తిరిగి రేడియో కేంద్రమునకు వ్రాయుట – ఇది ఆ పద్ధతి. కేంద్రమువారు తరువాతి ప్రసారములలో వానికి సమాధానము లిచ్చిరి. అంతకుముందు రేడియో చెప్పుట, పల్లె వినుట. అప్పటినుండి పల్లె అడుగుట, రేడియో బదులు చెప్పుట ఆరంభమైనది. ఈ ప్రయోగము ఫలించుటచేతనే 1959 తరువాత దేశమంతట రేడియో రైతు సంఘములు ఏర్పడినవి. శ్రోత ఏమి అడుగుచున్నాడో తెలియక చెప్పిన ప్రసంగము ఎంత చక్కనిదైనను, అది గాలిలో మాటయే.

మన నెల్లూరు సీమయే దీనికి మరియొక తార్కాణ మిచ్చినది. 1991 ప్రాంతమున జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచినది. దానికై వ్రాసిన వాచకములు ‘అల–వల’ అని మాత్రము చెప్పి ఊరకొనలేదు. కూలి, నీరు, సారాయివలన చెడిన సంసారములు – చదువుకొనవచ్చిన స్త్రీల బ్రతుకులో ఉన్నవే పాఠములైనవి. ఊరిలో సారాయి దుకాణమును స్త్రీలు కలిసి మూయించిన కథయొకటి ఆ పాఠములలో ఉన్నది. దూబగుంట స్త్రీలు ఊరకుండక తమ ఊరిలో సారాయి దుకాణమును మూయించిరి. 1992లో అది జిల్లా అంతట వ్యాపించిన ఉద్యమమైనది; 1993 అక్టోబరు 1నుండి ప్రభుత్వము రాష్ట్రమున సారాయిని నిషేధించినది. చదువరి అవసరమును ఎరిగి వ్రాసిన నాలుగు పంక్తులకు ఎంతటి బలము కలదో నెల్లూరువారికి మేము చెప్పనక్కరలేదు.

ఇక కంప్యూటరు కాలమునకు వత్తము. మనకు దక్షిణముగా ఇదే సముద్రతీరమున పుదుచ్చేరి కలదు. అచ్చట 1998లో ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థవారు పల్లెలలో సమాచార కేంద్రములను నెలకొల్పిరి. వారు కంప్యూటర్లతో మొదలుపెట్టలేదు, ప్రశ్నలతో మొదలుపెట్టిరి. మీకు ఏ సంగతి తెలియవలెను, ఇప్పుడు ఎవరివలన తెలియుచున్నది, తెలియకపోవుటచే ఏమి నష్టపడుచున్నారు అని ఇంటింట అడిగిరి. సేద్యపు పల్లెవారు ధాన్యపు ధర, ప్రభుత్వ పథకముల వివరము కోరిరి. వీరంపట్టినమను జాలరిపల్లెవారు కోరినది వేరు: రేపు అల ఎంత ఎత్తు లేచును? అంతట కేంద్రమువారు అమెరికా నౌకాదళము ఇంటర్నెట్టులో ప్రకటించు అలల అంచనాను దింపుకొని, తమిళమున వ్రాసి, లౌడుస్పీకరులో చదివి వినిపించిరి. గమనింపుడు: జాలరికి వెబ్‌సైటు అక్కరలేదు, అల ఎత్తు అక్కర. వెబ్‌సైటు కేంద్రముదాక వచ్చినది. కేంద్రమునుండి ఒడ్డుదాక మనిషి గొంతు వచ్చినది.

ఈ సంగతి ఎంత ప్రాణావసరమో 2004 డిసెంబరు 26న తెలిసినది. పుదుచ్చేరి తీరమున నల్లవాడు అను పల్లెలోను ఇట్టి కేంద్రము, దానికొక లౌడుస్పీకరు ఉండెను. ఆనాడు సింగపూరులో పనిచేయుచున్న ఆ ఊరి యువకుడు టెలివిజనులో సునామీ వార్త చూచి ఇంటికి ఫోను చేసినాడు. సముద్రము ముందుకు వచ్చుచున్నదని ఇంటివారు చెప్పగా, వెంటనే ఊరు విడువుడని అతడు హెచ్చరించినాడు. గ్రామస్థులు కేంద్రపు తలుపు పగులగొట్టి, లౌడుస్పీకరులో కేకవేసి ఊరంతటిని ఖాళీ చేయించిరి. ఇండ్లు కూలినవి, పడవలు పోయినవి. కాని సుమారు మూడువేల ఆరువందలమంది గల ఆ ఊరిలో ప్రాణమొక్కటియు పోలేదు. అదే దినమున మన నెల్లూరు తీరమునను అలలు ప్రాణములను బలిగొన్నవి. లౌడుస్పీకరు గొప్ప యంత్రము కాదు. అది ఊరివారికి తెలిసినచోట, ఊరివారు వాడుక చేసికొన్న వస్తువుగా ఉండుటయే ఆనాడు అక్కరకు వచ్చినది.

మనుబోలు సంఘమువారితో మేము ఈ సంగతులు చెప్పి, రంగుల మాట ప్రక్కకు పెట్టి, మూడు పనులు చేయుదమంటిమి.

మొదటి పని ఫోను పుస్తకమును తెరచుట. కార్యాలయమున గుమాస్తా తనకు వచ్చిన ఫోనులను ఒక నోటుపుస్తకములో గీసికొను అలవాటు గలవాడు. మూడు నెలల పుటలు చదివితిమి. సంఘపు లక్ష్యమేమని అడిగినవారు ఒక్కరును లేరు. అడిగినవి ఇవి: కంటి శిబిరము ఎప్పుడు? ఆపరేషను అయినవారిని ఇంటికి మీరే చేర్చుదురా? పిల్లకు ఫీజు సాయము కొరకు దరఖాస్తు ఎచ్చట దొరకును? మా అమ్మకు ఆధార్ కార్డులో పేరు తప్పుగా ఉన్నది, అయినను రావచ్చునా? ఎక్కువ ఫోనులు ఈ నాలుగైదింటి చుట్టునే తిరిగినవి. వెబ్‌సైటు తొలిపుటలో ఏమి ఉండవలెనో ఆ నోటుపుస్తకము చెప్పనే చెప్పినది. ఎవరును దానిని ఆ దృష్టితో చదువలేదు.

రెండవ పని ప్రక్కన కూర్చుండుట. రైలుస్టేషను దారిలో టీ అంగడి బల్లమీద అయిదుగురిని కూర్చుండబెట్టి, ఒక్కొక్కరి చేతికి ఫోను ఇచ్చి, “రాబోయే శిబిరము తేదీ చూచి చెప్పండి” అంటిమి. సాయము చేయరాదు, తప్పు దిద్దరాదు, నోరు మెదపరాదు. ఇది చెప్పినంత సులువు కాదు. కార్యదర్శిగారు రెండుమారులు చేయి చాచిరి, మేము వారించితిమి. వచ్చినవారిలో ఒకరు రొయ్యలచెరువు దగ్గర కావలి యువకుడు, ఒకరు ఇంటర్మీడియటు చదువు బాలిక, ఒకరు ఆశా కార్యకర్త, ఇరువురు వరిపొలపు కూలీలు. బాలిక ‘మా కార్యక్రమములు’ అను లంకెను నొక్కి, అందులో సభల ఫోటోలు చూచి వెనుకకు వచ్చినది. యువకుడు ‘సంప్రదించుడు’ అనుదానికి పోయి, ఆంగ్లములో పేరు, ఈమెయిలు అడుగు పత్రమును చూచి ఫోను క్రింద పెట్టినాడు. ఆశా కార్యకర్త మాత్రము తేదీ కనుగొన్నది. కాని అది అవ్వ కనుగొన్న పాత తేదీయే.

అయిదుగురు చాలుదురా యని మీరు అడుగవచ్చును. వెబ్‌సైట్ల వాడుకను దీర్ఘకాలము పరిశీలించిన యాకబ్ నీల్సన్ 2000లో ఈ లెక్క చెప్పెను: ఒకే పరీక్షలో పెక్కుమందిని కూర్చుండబెట్టుటకంటె, అయిదుగురిని చూచి, కనబడిన దోషములను దిద్ది, మరల అయిదుగురిని చూచుట మేలు. ఏలయన పెద్ద దోషములు మొదటి అయిదుగురికే తగులును. ఆరవవానికి తగులునదియు చాలవరకు ఆ రాయియే. బీద సంఘములకు ఇది శుభవార్త. దీనికి నిపుణులు అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఓపికయు, నోరు మూసికొను శక్తియు ఉన్న చాలును.

మూడవ పని చీట్లను పేర్చుట. సంఘము చెప్పదలచిన సంగతులను ఒక్కొక్కటి ఒక్కొక్క చీటిమీద వ్రాసి, ఆ అయిదుగురి ముందర పరచి, కలిసినవానిని కలిపి కట్టలు కట్టుడంటిమి. చదువ వీలుపడనివారికి చీట్లను మేమే చదివి వినిపించితిమి. కార్యవర్గమువారు ‘ఆరోగ్యశాఖ’, ‘విద్యాశాఖ’, ‘మహిళాశాఖ’ అని కట్టినచోట, వచ్చినవారు ‘కన్ను కనపడకపోతే’, ‘బడి ఫీజుకు’, ‘ఎవరినడగాలి’ అని కట్టిరి. ఆ కట్టల పేర్లనే వెబ్‌సైటునకు తలుపుపేర్లుగా పెట్టుడని మేమంటిమి. ఒక సభ్యులు, అది మర్యాదగా ఉండదేమో, సంఘపు గౌరవమునకు తగిన భాష కావలెనేమో యనిరి. వారి శంక త్రోసిపుచ్చదగినది కాదు. ఈ వ్యాసము వ్రాయుచున్న మేమును గ్రాంథికపు వాసన గల తెలుగే వ్రాయుచున్నాము. కాని వ్యాసము తీరికగా చదువువారికొరకు. తలుపుమీది పేరు ఆతురతతో వచ్చువారికొరకు. ఆసుపత్రిలో ‘నేత్రవైద్య విభాగము’ అని ఉన్నను, ఊరివారు ‘కళ్ల డాక్టరు ఎక్కడ?’ అనియే అడుగుదురు. అడిగెడి మాటయే తలుపుమీద ఉన్న, అడుగు పని తప్పును.

ఇక అక్షరముల సంగతి. తెలుగున వెబ్‌సైటు పెట్టితిమని సంఘమువారు గర్వముగా చెప్పిరి. చూడగా, చాల పుటలలో ఉన్నది తెలుగు అక్షరము కాదు, తెలుగు అక్షరపు బొమ్మ. దీనిని కొంచెము వివరింతుము. కంప్యూటరు ప్రతి అక్షరమును ఒక సంఖ్యగా గుర్తుంచుకొనును. పూర్వము తెలుగు ఫాంటులు చేసినవారు ఎవరికి తోచిన సంఖ్యలు వారు వాడిరి; ఒకరి ఫాంటులో వ్రాసినది మరొకరి యంత్రమున పిచ్చిగీతలుగా కనబడెడిది. 1991లో వెలువడిన యూనికోడు ప్రమాణము ప్రపంచమునందలి అనేక భాషలతోపాటు తెలుగునకును స్థిరమైన సంఖ్యలను, నూట ఇరువదియెనిమిది గదులుగల ఒక వరుసను ఏర్పరచినది. ఆ సంఖ్యలతో వ్రాసినది ఎచ్చటనైన తెలుగుగానే కనబడును. గూగులులో వెదకినచో దొరకును. పెద్దది చేసికొని చదువవచ్చును. చూపులేనివారికి ఫోనే బిగ్గరగా చదివి వినిపింపవచ్చును. కరపత్రమును ఫోటో తీసి పెట్టిన ఇవేవియు జరుగవు. ‘మనుబోలు కంటి శిబిరము’ అని మనుమడు వెదకినపుడు, బొమ్మలోని అక్షరములు వెదకు యంత్రమునకు సామాన్యముగా కనబడవు. కన్ను కనబడనివారికై జరుపు శిబిరపు ప్రకటన, కన్ను కనబడనివారికి చేరని రూపమున ఉండుటకంటె విచారకరమేమున్నది?

చూపు మందగించినవారి కొరకే లోకమున కొన్ని నియమములు ఏర్పడియున్నవి. వెబ్‌సైట్లు అందరికి అందునట్లుండుటకు 1999లో మొదట ప్రకటితమై, 2008లోను తరువాతను విస్తరింపబడిన మార్గదర్శకములు అవి. అక్షరపు రంగునకును నేలరంగునకును గల వెలుగు భేదము కనీసము నాలుగున్నరకు ఒకటిగా ఉండవలెనని అందు కలదు. లేతబూడిదమీది తెలుపు ఈ లెక్కకు ఎచ్చటను నిలువదు. ఎండలో పొలము గట్టున నిలిచి ఫోను చూచువానికి నల్లని అక్షరమును తెల్లని నేలయుకంటె మించిన అలంకారము లేదు.

బరువు సంగతియు అట్లే. తొలిపుటలో కదలు చిత్రములు మూడు. కెమెరాలో తీసినవి తీసినట్లే పెట్టినవి. నెల్లూరు పట్టణమున అవి ఒక్క రెప్పపాటున తెరచుకొనును. తీరపు పల్లెలో సంకేతము సన్నగిల్లినచోట, చిత్రము తెరచుకొనులోగా మనిషి విసుగు చెందును. అతని డేటాయు అయిపోవును. 2021 నవంబరు వరదలలో పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకొనిపోయి, రహదారి తెగినప్పుడు, ఈ ప్రాంతమువారికి అన్నిటికంటె విలువైనది ఒక నిజమైన వార్త, ఒక పలికెడి ఫోను నంబరు. అట్టి దినమునను తెరచుకొనునంత తేలికగా తొలిపుట ఉండవలెను. శాలువ చిత్రము లోపలి పుటలో ఉండవచ్చును. వద్దని మేము అనలేదు.

ఇచ్చట కోశాధికారిగారు ఒక మాటనిరి. అది న్యాయమైన మాట. “అయ్యా, శిబిరమునకు డబ్బు ఇచ్చువారు దాతలు. దాతలు చూచునది ఈ చిత్రములు, ఈ నివేదికలే. వానిని వెనుకకు నెట్టిన రేపు శిబిరమే ఉండదు.” నిజమే. దాతయు వెబ్‌సైటునకు వచ్చెడివాడే, అతని అవసరమును తెలిసికొనవలసినదే. కాని దాతకు కావలసినది ఏది? ఆయన కోరునది శాలువ కాదు. తానిచ్చిన రూపాయి ఎచ్చటకు పోయినదని. లెక్కలు ఒకచోట, చదువ వీలగు రూపమున, సంవత్సరము వారీగా ఉన్న దాత తృప్తి పడును. పైగా, శిబిరపు తేదీ సరిగా ప్రకటించి, వచ్చినవారిని త్రిప్పిపంపని సంఘమును చూచినంత నమ్మకము ఏ చిత్రమును కలిగింపదు. కనుక ఇరువురికి రెండు తలుపులు పెట్టుదము. ముందరి తలుపు మాత్రము అక్కరగలవానికి.

దాతలకు చూపుటకై పెట్టిన చిత్రములలో మరొక చిక్కు కనబడినది. సాయము పొందిన పిల్లల ముఖములు, వారి పేర్లు, ఊర్లు, తండ్రి పోయిన వివరముతో సహా ప్రకటించియున్నారు. ఆ పిల్ల రేపు పెండ్లియీడునకు వచ్చును, ఉద్యోగమునకు పోవును. తన పేరును వెదకిన ప్రతివానికిని ఆ బీదరికపు పుటయే మొదట ఎదురగును. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకై చట్టము చేసినది. పిల్లల సమాచారము విషయమున తలిదండ్రుల సమ్మతిని అది కోరుచున్నది. చట్టమున్నను లేకున్నను, సాయము పొందినవాని మానము సాయములో భాగమే. ఆ పుటలను ఆనాడే తీసివేసిరి. ఆ సమావేశమున తర్కము లేకుండ జరిగిన పని అదియొక్కటియే.

పెద్ద సంస్థలకు ఈ పని సులభమని తలపవలదు. బ్రిటిషు ప్రభుత్వము 2012లో తన శాఖల సమాచారమును ఒకే వెబ్‌సైటుగా కూర్చునప్పుడు, ప్రభుత్వపు అవసరముతో కాక వాడుకరి అవసరముతో మొదలుపెట్టవలెనను మాటను మొదటి నియమముగా వ్రాసికొనినది. వికీపీడియా సంగతి మనకు మరింత దగ్గరది; అది లాభాపేక్ష లేని సంస్థ నడుపునది, తెలుగువారు 2003 డిసెంబరునుండి స్వచ్ఛందముగా తమ భాషలో పెంచుకొనుచున్నది. ఆ సంస్థవారు దాని రూపమును మార్చదలచి, ఒకేసారి మార్పక, కొన్ని భాషలలో మొదట పరీక్షించి, దోషములు దిద్ది, 2023 జనవరిలో ఆంగ్ల వికీపీడియాలో ప్రవేశపెట్టిరి. చదువుటకు సులువని వారు పంక్తుల వెడల్పు తగ్గించిరి. ఎందరో పాతవాడుకరులు ఇరుప్రక్కల వట్టి తెలుపు మిగిలినదని ఆక్షేపించిరి. అంతట పూర్తి వెడల్పు కావలసినవారు నొక్కి మార్చుకొనుటకు ఒక మీట పెట్టిరి. అడుగుట, చేయుట, మరల అడుగుట, దిద్దుట – ఈ చక్రము ఒక్క త్రిప్పుతో ఆగునది కాదు.

మనుబోలు వెబ్‌సైటు తొలిపుట ఇప్పుడు చిన్నది. రాబోయే శిబిరము తేదీ, వారము, నెల, సంవత్సరము, స్థలము, బస్సు నిలుచు చోటు, తేవలసిన కాగితములు, రుసుము లేదను మాట, నొక్కిన వెంటనే మ్రోగు ఫోను నంబరు. దాని క్రింద మూడు తలుపులు, చీట్లు కట్టినవారు పెట్టిన పేర్లతో. శిబిరము జరిగిన మరునాడు ఆ ప్రకటన తనంత తానే తొలగునట్లు ఏర్పాటు చేసిరి. తదుపరి తేదీ నిర్ణయము కాకున్న, ‘ఇంకను నిర్ణయింపలేదు, ఫోను చేసి కనుగొనుడు’ అని ఉండును. తెలియని తేదీని తెలియదని చెప్పుటయు సమాచారమే.

దీనితో అంతయు సరిపోదు. అవ్వకు ఫోను లేదు. మనుమడు పనికి చెన్నై పోయిన ఆమెకు చెప్పువారు లేరు. కనుక తేదీని ఆశా కార్యకర్తలకు ఫోనులో పంపుట, బస్సు నిలుచు చోట పలకమీద వ్రాయుట, ముందురోజు ఆటోలో చాటించుట – ఈ పనులు వెబ్‌సైటుతో పాటు నడువవలెను. అన్నిటిలోను ఒకే తేదీ ఉండవలెను. అందుకై సంఘమువారు ఒక నియమము పెట్టుకొనిరి: తేదీ మొదట వెబ్‌సైటులో వ్రాయబడును, పలకమీదికిని చాటింపునకును అచ్చటనుండియే ఎత్తి వ్రాసికొనవలెను. ఆ తేదీకి బాధ్యుడు నోటుపుస్తకపు గుమాస్తా. ప్రతినెల మొదటి సోమవారము ఆయన వెబ్‌సైటును తెరచి, ఫోను నంబరునకు తానే ఫోను చేసి, పలికినదో లేదో పుస్తకములో గీయును.

క్రొత్తగా వెబ్‌సైటు పెట్టుకొను సంఘములు మన జిల్లాలో ఇంకను కలవు. పాతదానిని మార్చదలచినవి అంతకంటె ఎక్కువ. వారికి మా మనవి యొక్కటియే. ఇంజనీరును పిలుచుటకు ముందు, మీ ఫోను పుస్తకమును చదువుడు. రంగు ఎన్నుకొనుటకు ముందు, మీ దగ్గరకు వచ్చెడివారిని అయిదుగురిని పిలిచి, వారి చేతికి ఫోను ఇచ్చి, ప్రక్కన ఊరక కూర్చుండుడు. వారు తడబడినచోట మీ పని ఉన్నది.

మేము మొన్నటి నెల మొదటి సోమవారము ఉదయము ఆ నంబరునకు ఫోను చేసితిమి. మూడవ మ్రోతకు గుమాస్తా పలికెను. శిబిరము తేదీ చెప్పుచు, మేమడుగకయే సంవత్సరమును చెప్పెను.